వగరు అంటే మనకు తెలియదా?

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకు వినిపిస్తోందా? సరే.

వైన్ గురించి మాట్లాడమనేసరికి కొంచెం టెన్షన్ పడ్డాను, నేనా రంగం మనిషిని కాను. మా తమ్ముడి కూతురు జార్జియాలో మెడిసిన్ చదువుతోంది, అమెరికాది కాదు, కాకసస్ కొండల పక్కనున్న జార్జియా. చూడ్డానికి వెళ్తే పట్టుబట్టి కఖేతి అనే ద్రాక్షతోటల ప్రాంతంలో ఓ ఇంటికి తీసుకెళ్ళింది. రాజధాని తిబిలిసి నుంచి కారులో రెండు గంటలు.

ఇల్లే వైనరీ అన్నమాట. పెరట్లో ఒక గది, దాన్ని మరాని అంటారు. చెక్క పీపాలుంటాయనుకున్నాను, ఒక్కటీ లేదు. నేలలో గుండ్రటి మూతులు మాత్రం కనిపిస్తున్నాయి. అవి మూతిదాకా పాతిపెట్టిన మట్టి కాగులు, పేరు క్వెవ్రీ. కొన్నైతే మనిషి లోపలికి దిగి కడిగేంత పెద్దవి. నాకు మన ధాన్యం పాతరలు గుర్తొచ్చాయి. లోపల తేనెమైనం పూస్తారు, భూమిలో ఉంటుంది కాబట్టి వేడి పెద్దగా మారదు. ద్రాక్ష తొక్కి రసం, తొక్కలు, గింజలు, కాడలు అన్నీ కలిపే పోసేసి, పొంగేటప్పుడు రోజూ కర్రతో కలియబెట్టి, ఆనక మూత పెట్టి ఐదారు నెలలు వదిలేస్తారు. దాదాపు 8 వేల ఏళ్ళ నాటి కుండపెంకుల్లో వైన్ ఆనవాళ్ళు దొరికిన దేశమది. ఈ క్వెవ్రీ పద్ధతిని 2013లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. పొద్దున ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయతో తిని వెళ్ళాను, దాంతో మొదటి గ్లాసులో నాకేమీ తెలియలేదు! నీళ్ళు పుక్కిలించి, రొట్టెముక్క నమిలి మళ్ళీ మొదలుపెట్టాను.

ర్కాత్సితెలి పోశారు. తెల్లద్రాక్షే, కానీ తొక్కల్లో నెలల తరబడి నానింది కదా, రంగు పలచటి తేనెలా ఉంది. గుక్క మింగాక జామపిందె కొరికినట్టు చిగుళ్ళు బిగుసుకున్నాయి. పక్కన ఇద్దరు టూరిస్టులు స్ట్రక్చర్, గ్రిప్ అని ఏవేవో అంటున్నారు. "పెదనాన్నా, ఎలా ఉంది?" అంది మా పిల్ల. వగరుగా ఉందే, అన్నాను. టానిన్ అని పుస్తకాల్లో రాసేది నాలుక మీద అదే, మనం పిందెల్లో, వక్కల్లో చిన్నప్పటినుంచీ ఎరిగినదే.

తర్వాత సపెరవి, ఇది నల్లద్రాక్ష. ఆ పేరుకే రంగు అద్దేదని అర్థం. తొక్కే కాదు, లోపలి గుజ్జూ ఎరుపే. అద్దంలో చూసుకుంటే నేరేడుపళ్ళు తిన్న పిల్లాడి నాలుక.

2006లో రష్యా ఆ దేశపు వైన్‌ని నిషేధించింది, 2013 దాకా ఎత్తలేదు. ఉన్న పెద్ద మార్కెట్టే పోయేసరికి, ఎంత చేశామన్నది కాదు, ఎలా చేశామన్నది చూసుకోవాల్సి వచ్చింది వాళ్ళకి. నాకైతే ఆ కష్టకాలమే ఈ చిన్న మరానీలకు పేరు తెచ్చిందనిపిస్తుంది.

రెండు సీసాలు తెచ్చాను. ఈ చివరి నుంచి పోస్తారు, తలా ఒక గుక్కే వస్తుంది. తాగి మీకు తోచిన తెలుగు మాట చెప్పండి. "బాగుంది" మాత్రం చెల్లదు.