కేజీ బేసిన్ చమురు: డాలర్లు మిగిలేది దేశానికి, ముప్పు కోనసీమకు. మరి వాటా ఎవరికి?

వ్యాఖ్యాత: నమస్కారం. 2024 జనవరి 7న కాకినాడకు ఎదురుగా బంగాళాఖాతం లోతుల్లోంచి ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది. బ్లాకు పేరు కేజీ-డీడబ్ల్యూఎన్-98/2. పూర్తిస్థాయికి వస్తే రోజుకు 45 వేల బ్యారెళ్ల చమురు, కోటి ఘనపు మీటర్ల గ్యాస్ వస్తాయని అప్పట్లో ప్రకటించారు. స్టూడియోలో ఒక పెట్రోలియం ఇంజినీరు, ఒక ఆర్థిక విశ్లేషకురాలు ఉన్నారు. మేడం, ముందు జనం అడిగే మాటే అడుగుతాను. మన సముద్రంలో చమురు పడింది కదా, పెట్రోలు ధర తగ్గుతుందా?

విశ్లేషకురాలు: తగ్గదండీ. ఆ ఆశ ఎవరూ పెట్టకూడదు. ఇక్కడ తీసిన చమురునైనా రిఫైనరీకి అంతర్జాతీయ ధరతో ముడిపెట్టే అమ్ముతారు. 2022 అక్టోబరు నుంచి దేశీయ ఉత్పత్తిదారులు తమ ముడిచమురును దేశంలో ఎవరికైనా అమ్ముకోవచ్చు. పక్కూరి బావి అని చెప్పి తక్కువకు ఇవ్వరు. ఈ బ్లాకు తొలి ఓడ వెళ్లింది కూడా మంగళూరు రిఫైనరీకి. ఇక బంకు దగ్గర మనం కట్టేదాంట్లో పెద్ద భాగం కేంద్ర ఎక్సైజ్, రాష్ట్ర వ్యాట్. పెట్రోలు, డీజిల్ ఇంకా జీఎస్టీలోకి రాలేదు. కాబట్టి బావికీ బంకుకీ మధ్య సూటి సంబంధం లేదు.

వ్యాఖ్యాత: మరి లాభం ఎక్కడ?

విశ్లేషకురాలు: డాలర్లలో. 45 వేల బ్యారెళ్లంటే ఏడాదికి కోటీ 64 లక్షల బ్యారెళ్లు, సుమారు 22 లక్షల టన్నులు. బ్యారెల్ 70 డాలర్లు అనుకుంటే ఏటా 115 కోట్ల డాలర్ల దిగుమతి తప్పుతుంది. చిన్న మొత్తం కాదు. కానీ 2023-24లో మనం దిగుమతి చేసుకున్న ముడిచమురు 23 కోట్ల టన్నులు పైనే. దాని పక్కన పెడితే ఇది ఒక శాతం కూడా కాదు. ఈ రెండు లెక్కలూ కలిపి చెప్పాలి. మొదటిదే చెబితే ప్రచారం అవుతుంది, రెండోదే చెబితే నిరాశ మిగులుతుంది.

ఇంజినీరు: మూడో లెక్క కూడా ఉంది. 2011-12లో దేశంలో 3 కోట్ల 81 లక్షల టన్నుల చమురు తీశాం. 2023-24కి అది 2 కోట్ల 94 లక్షలకు పడిపోయింది. మరుసటి ఏడాది, అంటే ఈ 98/2 బ్లాకు నడుస్తున్న ఏడాదిలో కూడా దేశం మొత్తం ఉత్పత్తి ఇంకాస్త తగ్గింది. 1976లో మొదలైన ముంబై హైలాంటి పాత క్షేత్రాల్లో పీడనం పడిపోతోంది, చమురుతో పాటు నీళ్లు ఎక్కువ వస్తున్నాయి. 2025 జనవరిలో ముంబై హై కోసం బీపీ సంస్థను సాంకేతిక భాగస్వామిగా తెచ్చుకున్నది అందుకే. కొత్త బావులు ప్రస్తుతానికి ఆ తరుగులో కొంత పూడుస్తున్నాయి, అంతే. ‘ఉత్పత్తి పెరుగుతోంది’ అనే మాటను బ్లాకు వారీగా కాదు, దేశం మొత్తానికి చూసి వాడాలి.

వ్యాఖ్యాత: చమురు 2020 మార్చికల్లా రావాల్సింది. దాదాపు నాలుగేళ్లు ఆలస్యమైంది. కష్టమంతా ఎక్కడ?

ఇంజినీరు: కోవిడ్ వల్ల పరికరాలు, ఓడలు ఆలస్యమయ్యాయి, అది నిజమే. కానీ అసలు సమస్య చమురు స్వభావంలోనే ఉంది. ఇది మైనం ఎక్కువున్న చమురు. భూగర్భంలో వేడిగా, పల్చగా ఉంటుంది. సముద్రం అడుగున అంత లోతులో నీళ్లు చాలా చల్లగా ఉంటాయి. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు అక్కడ చమురు పైపులో పేరుకుంటుంది. ముందు గోడలకు పొరలా మైనం పడుతుంది. దారి సన్నబడుతుంది. పంపింగ్ ఆగితే పైపు మొత్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. సముద్రం అడుగున కిలోమీటర్ల పొడవునా గడ్డకట్టిన పైపును మళ్లీ కదిలించడమంటే మాటలు కాదు. ఒత్తిడి పెంచుకుంటూ పోతే పైపు తట్టుకోదు.

వ్యాఖ్యాత: అలా కాకుండా ఏం చేస్తారు?

ఇంజినీరు: పైపులో పైపు వేస్తారు. లోపలి పైపులో చమురు పోతుంది, బయటి పైపు సముద్రపు ఒత్తిడిని కాస్తుంది, మధ్య ఖాళీలో వేడి పోకుండా ఇన్సులేషన్ ఉంటుంది. మన దేశంలో ఇలాంటిది ఇక్కడే మొదటిసారి వాడామని ఓఎన్‌జీసీ ప్రకటించింది. దానికి తోడు మైనం గట్టిపడకుండా రసాయనం ఎక్కిస్తారు. అంతకంటే ముఖ్యమైనది షట్‌డౌన్ క్రమం. బావి ఆగిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. పైపులోని వేడి నిలిచేది కొన్ని గంటలే. ఆలోపు మళ్లీ నడపగలమా లేదా తేల్చాలి. నడపలేమంటే లోపలున్న చమురును డీజిల్‌తోనో, గ్యాస్ తీసేసిన చమురుతోనో తోసేసి పైపు నింపి ఉంచాలి. గ్యాస్, నీళ్లు, చల్లదనం, ఒత్తిడి నాలుగూ కలిస్తే హైడ్రేట్ అనే మంచులాంటి గడ్డ పుట్టి అడ్డుపడుతుంది. దానికి గ్లైకాల్‌ లేదా మెథనాల్ ఎక్కిస్తారు. పైకి వచ్చిన చమురును ఎఫ్‌పీఎస్ఓ అనే తేలియాడే ఓడ మీద వేరుచేసి అక్కడే నిల్వ ఉంచి, ట్యాంకర్లకు ఎక్కిస్తారు. గ్యాస్ మాత్రం పైపులో కోనసీమలోని ఓడలరేవు టెర్మినల్‌కు వస్తుంది.

వ్యాఖ్యాత: 45 వేలు ఖాయమా?

ఇంజినీరు: ఖాయమని ఇంజినీర్లెవరూ అనరు. తొలి చమురు వచ్చేసరికి 26 బావుల్లో నాలుగే నడుస్తున్నాయి. పక్కనే ఉన్న రిలయన్స్ గ్యాస్ క్షేత్రం కేజీ-డీ6 గుర్తుందా? రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ అనుకున్నారు. 2010లో 6 కోట్లు దాటి, తర్వాత కుప్పకూలింది. బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయి. భూగర్భం అనుకున్నట్టు లేదని కంపెనీ, అనుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదించుకున్నాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకుని ఆంధ్రలో కట్టిన విద్యుత్ కేంద్రాలు మూతపడే స్థితికి వచ్చాయి. అందుకే అంచనాను చూసి పెట్టుబడి పెట్టేవాళ్లు బావుల సంఖ్య, నీటి శాతం కూడా అడగాలి.

వ్యాఖ్యాత: ఇప్పుడు రాజకీయం. ఈ చమురులో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చేదెంత?

విశ్లేషకురాలు: రాయల్టీగా ఏమీ రాదు. రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం సముద్రగర్భ ఖనిజాలు కేంద్రానివి. భూమి మీది బావులకైతే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, ఒడ్డు దాటి సముద్రంలోకి వెళితే ఢిల్లీకి. లోతు సముద్రపు బ్లాకు కాబట్టి ఆ రాయల్టీ కూడా మొదటి ఏడేళ్లు 5 శాతమే, తర్వాత 10. ఇంకో విషయం ఎవరూ మాట్లాడరు. బొగ్గు, ఇనుపఖనిజం తవ్వే జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి ఉంటుంది, తవ్విన చోటికి కొంత సొమ్ము తిరిగొస్తుంది. ఆ చట్టం చమురుకు వర్తించదు. చమురుకు 1948 నాటి వేరే చట్టం ఉంది. దాన్ని 2025లో సవరించారు గానీ, చమురు ప్రాంతపు జిల్లాకు అలాంటి నిధి ఇవ్వలేదు.

వ్యాఖ్యాత: మత్స్యకారులకు పరిహారం ఇచ్చారు కదా?

విశ్లేషకురాలు: నెలకు 11,500 రూపాయల చొప్పున, పనుల వల్ల వేట ఆగిన కాలానికి. దానికి కూడా ఆందోళనలు చేయాల్సి వచ్చింది. అది పోయిన కూలికి బదులు, వాటా కాదు. సముద్రంలో తీసిన దాని ముప్పు ఒడ్డునే ఉంటుంది. 1995లో పాశర్లపూడిలో బావి అదుపుతప్పి (బ్లోఅవుట్) 65 రోజులు మండింది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు.

ఇంజినీరు: నగరం గురించి ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో తడి గ్యాస్ వెళ్లింది. నీళ్లు పల్లపు చోట్ల నిలిచాయి, గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ ఆ నీళ్లలో కలిసి ఆమ్లమై ఉక్కును లోపలి నుంచి తినేసింది. పైకి ఏమీ కనబడదు. గ్యాస్‌లోని తేమ ముందే తీసేయడం, పిగ్ అనే పరికరాన్ని లోపల నడిపి నీళ్లు తోసేయడం, గోడ మందం కొలిచే పిగ్‌ను నిర్ణీత కాలానికి పంపడం, ఈ మూడూ జరిగి ఉంటే అది ఆపదగిన ప్రమాదం. కొత్త గ్యాస్ పెరిగేకొద్దీ ఈ కొలతల నివేదిక ఏటా ఊళ్ల పంచాయతీలకు తెలుగులో అందాలి. అది అడగడం జనం హక్కు.

విశ్లేషకురాలు: నేను దాన్ని బడ్జెట్‌లో అడుగుతాను. 2022 జులైలో ధరలు పెరిగినప్పుడు దేశీయ చమురు మీద టన్నుకు 23,250 రూపాయల అదనపు సుంకం వేశారు, 2024 డిసెంబరులో ఎత్తేశారు. ధర పెరిగితే వసూలు చేసే యంత్రాంగం కేంద్రం దగ్గర సిద్ధంగానే ఉంది. సముద్రపు రాయల్టీలో కొంత భాగాన్ని టెర్మినల్, పైపులైన్లు ఉన్న మండలాలకు ఇవ్వడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, కేంద్రం బడ్జెట్ కేటాయింపు చాలు. మన ఎంపీలు పార్టీలకు అతీతంగా అడగాల్సింది అదే. ఇంతవరకు అడిగింది చాలా తక్కువ.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకుడి ప్రశ్న. యుద్ధం వచ్చి దిగుమతులు ఆగితే ఈ చమురు ఆదుకుంటుందా?

ఇంజినీరు: ఒంటరిగా ఆదుకోలేదు. విశాఖలో భూగర్భ ముడిచమురు నిల్వ సామర్థ్యం 13 లక్షల 30 వేల టన్నులు. 98/2 పూర్తిస్థాయిలో నడిస్తే ఏడాదిలో అంతకంటే ఎక్కువే తీస్తుంది. కానీ నిల్వను అవసరమైనప్పుడు వేగంగా బయటికి తోడొచ్చు, బావి మాత్రం రోజూ ఇచ్చేంతే ఇస్తుంది. కొరత రోజు వచ్చిందని ఆ లైనులో వేగం పెంచలేం.