కాలు మళ్ళీ మొలుస్తుందిలే అనుకోవద్దు
(మత్స్య రైతుల దినోత్సవ సభలో ఒక విశ్రాంత పశువైద్యుడి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కలో ఇంత దూరం వచ్చిన రైతు సోదరులకు, వెనక వరసలో కూర్చున్న అమ్మలకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన టైం అక్కడే అయిపోతుంది. ఎవరూ అలగొద్దు.

1957లో ఇదే జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి గారు, అలీకున్హి గారు ఇంజెక్షన్ ఇచ్చి చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే ఈ రోజు మనకు పండగ. నన్ను రొయ్యల గుంటల్లో నీటి నాణ్యత మీద మాట్లాడమన్నారు. నీళ్ల గురించే మాట్లాడతాను. కాకపోతే మీ గుంటల్లో నీళ్లు కాదు, మీ పిల్లల గదుల్లో గాజు తొట్లలో ఉన్న నీళ్లు.

నవ్వకండి. రొయ్యలకి రేటు బాగున్నప్పుడు పిల్లాడు అడిగాడని ఆక్సొలాటిల్ కొనిచ్చినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. దానికి దెబ్బ తగిలితే రాత్రి పదింటికి ఫోన్ వచ్చేది నాకే. సర్వీసంతా ఒంగోలు గిత్తలకీ గేదెలకీ సూదులు వేసినవాణ్ణి, రిటైరయ్యాక జానెడు జంతువు నా ప్రాణం తీస్తోంది.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది చేప కాదు, కప్పలాగా ఉభయచరం. సొంతూరు మెక్సికో సిటీలోని షోచిమిల్కో కాలువలు. అక్కడ ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. ఎంత పెరిగినా పిల్ల రూపంలోనే ఉంటుంది. తలకి రెండు పక్కలా మూడేసి కుచ్చుల మొప్పలు బయటికే ఉంటాయి. కాలు తెగితే ఎముక, కండ, వేళ్లు అన్నిటితో కొత్తది వస్తుంది, మచ్చ కూడా ఉండదు. ఈ వరమే దాని ప్రాణం మీదికి తెస్తోంది.

మొన్న ఎండాకాలం కావలి వైపు నుంచి ఇంటర్ చదివే పిల్లాడొకడు ఐస్‌క్రీం డబ్బాలో ఒకదాన్ని తెచ్చాడు. ముందు కాలు మోచేతి నుంచి లేదు. తెగినచోట తెల్లగా దూదిలా బూజు. మొప్పల కుచ్చులు ఊడి ఈనెలు మిగిలాయి. అమ్మినవాడికి ఫోన్ చేస్తే ‘ఏం పర్లేదు తమ్ముడూ, మళ్ళీ వస్తుంది’ అన్నాడంట. చిన్నవి రెండింటిని ఒకే తొట్లో పెట్టించిందీ, గోల్డ్‌ఫిష్‌లూ రంగురాళ్లూ అంటగట్టిందీ ఆయనే! ఆకలేస్తే చిన్న ఆక్సొలాటిల్ పక్కదాని కాలు కొరుకుతుంది. గోల్డ్‌ఫిష్ వచ్చి దాని మొప్పలు పీకుతుంది. ఆక్సొలాటిల్ తిండితోపాటు రాళ్లు మింగితే పేగు మూసుకుపోతుంది. గేదెని కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పాలు పిండించి చూస్తాం. వేలకి వేలు పోసి దీన్ని కొంటే ఒక్క కాగితం ముక్క మీద నాలుగు జాగ్రత్తలు రాసివ్వడానికి ఏం రోగం? నేను ఇక్కడికి వచ్చింది ఈ మాట అడగడానికే. నిర్వాహకులు క్షమించాలి.

ఇంట్లోవాళ్లూ తక్కువ తినలేదు. నాయనమ్మ ప్రేమ కొద్దీ పసుపు అద్దింది. నాన్న గుంటకి వాడే అయోడిన్ చుక్కలు వేశాడు. అయ్యా, దాని చర్మం నీళ్లలో ఏముంటే అది పీల్చుకుంటుంది. పసుపు, డెట్టాల్, ఆయింట్‌మెంట్, రాగి కలిసిన చేపల మందులు ఏవీ వద్దు. థర్మామీటర్ పెట్టి చూస్తే నీళ్లు 31 డిగ్రీలు. దానికి 16 నుంచి 18 హాయి, 24 దాటితే కష్టం. వేడి నీళ్లలో గాయం మానేలోపే బూజు, బాక్టీరియా పెరుగుతాయి.

ఏం చేశామో చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. విడిగా ఒక ప్లాస్టిక్ టబ్బు. క్లోరిన్ పోగొట్టిన చల్లటి నీళ్లు, రోజూ మొత్తం మార్చాలి. ఐసు ముక్కలు వేయొద్దు, నీళ్ల సీసా గడ్డకట్టించి మూతతో సహా తేలేయండి, కరిగితే ఇంకోటి. పైన గుడ్డ కప్పి చీకటి చేయండి. తింటే వానపాము. బూజు తగ్గకపోతే మిథిలిన్ బ్లూ అనే నీలం మందు, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో, టబ్బులోనే. పెద్ద తొట్లో పోస్తే, వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా అనే విషాన్ని విరిచే బాక్టీరియా చస్తుంది. ఉప్పు జోలికి అడక్కుండా పోవద్దు. ఎముక బయటికి కనిపించినా, ఒళ్లు ఎర్రబడినా, పొట్ట ఉబ్బినా, తిండి మానేసినా ఇంటి వైద్యం ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

ఆ పిల్లాడి అమ్మ సీసాలు మార్చీ మార్చీ విసిగిపోయింది పాపం. ముందు గాయం మీద పల్చటి పొర కట్టింది. తరవాత మొండి చివర లేత బుడిపె, అది పలకలా సాగి అందులో గీతలు పడ్డాయి. చివరికి నాలుగు వేళ్లు. ముందు కాళ్లకి నాలుగే ఉంటాయి, తక్కువొచ్చాయని కంగారు పడొద్దు. వయసు ముదిరేకొద్దీ ఇది నిదానమవుతుంది. ఒకే కాలు మళ్ళీ మళ్ళీ తెగితే చివరికి సరిగా రావడమే మానేస్తుందని పరిశోధకులు ప్రయోగం చేసి చూశారు. అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పరు.

నిర్వాహకులు చీటీ పంపారు. రెండు నిమిషాలే.

తొట్టికి ఒకటే పెంచండి. అడుగున సన్నటి ఇసుక, లేదంటే ఏమీ వేయకండి. ఫిల్టర్ నోటికి స్పాంజి కట్టండి, పైన మూత పెట్టండి, ఎగిరి కింద పడతాయి. వలతో పట్టొద్దు, నైలాన్ కంతల్లో వేళ్లు ఇరుక్కుంటాయి, గిన్నె ముంచి నీళ్లతో సహా ఎత్తండి. మీ చేతుల్లో అమ్మోనియా కొలిచే కిట్ ఎలాగూ ఉంది, గుంటకి చూసినప్పుడే తొట్టికీ చూడండి. తొట్లో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. కాస్తంత ఉంటే ఏమవుతుంది అనే మాట గుంట గట్టు మీదే వదిలేసి రండి.

ఇంకో సంగతి. 2022లో వన్యప్రాణి చట్టం సవరించాక సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాలోని జంతువులు పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇదీ ఆ జాబితాలోదే. పిల్లల పని అని వదిలేయకుండా పెద్దవాళ్లు కూర్చుని చేయించండి.

రొయ్యల సంగతి నా తరవాత మాట్లాడే సారు నాకన్నా బాగా చెబుతారు, మైకు ఆయనకిస్తున్నాను. ఇంట్లో ఆక్సొలాటిల్ ఉన్నవాళ్లు భోజనాల దగ్గర కలవండి. ఫోన్‌లో ఫొటో ఒక్కటి చూపిస్తే చాలదు, నీళ్ల టెంపరేచర్ ఎంతుందో ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని మరీ రండి.