మూలుగలో కేళీ

భీమవరం పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కాలేజీ పిల్లలకు నమస్కారం.

మూలుగ అనగానే మనకి ఆదివారం కూరలో నల్లి బొమికే గుర్తొస్తుంది. నిజానికి అందులో మనం పీల్చేది చాలావరకు కొవ్వే. పెద్దవాళ్లలో రక్తం తయారయ్యేది ముఖ్యంగా తుంటి ఎముక, వెన్నుపూసలు, రొమ్ము ఎముకల్లో. రోజుకి సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలు! అందుకే మూలుగ పరీక్షకి సూది నడుం వెనకే గుచ్చుతాం.

ఆ రిపోర్టులో 'జన్యు మార్పు' అన్న మాట కనబడితే చాలు, ఇంట్లో గొడవ మొదలు. "ఏ వైపు నుంచి వచ్చిందండీ?" అని అడుగుతారు. అత్తగారు కోడలి పుట్టింటి వైపు చూస్తారు. జబ్బు మనిషి సంగతి పక్కకి పోతుంది.

సార్వా చేను ఈనేటప్పుడు నాలుగు మొక్కలు మిగతావాటికంటే జానెడు ఎత్తుగా కనిపిస్తాయి. కేళీలంటాం. చేలో కేళీ చాలాసార్లు విత్తనాల బస్తాలోంచే వస్తుంది. మూలుగలో అలా కాదు. తల్లిదండ్రులిచ్చిన విత్తనం మంచిదే. ఏ నలభయ్యో, అరవయ్యో ఏళ్లు వచ్చాక, ఒకే ఒక్క మూలకణం తన జన్యువుల్ని నకలు తీసుకుంటూ తప్పు చేస్తుంది. దాని సంతానమే మూలుగంతా ఆక్రమిస్తుంది.

క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌నే తీసుకోండి. 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాల్లో మరీ పొట్టి క్రోమోజోమ్ ఒకటి చూశారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల అలా అవుతుందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టే ప్రొటీన్, స్విచ్ ఇరుక్కుపోయిన చెరువు ఏరియేటర్ లాంటిది. రాత్రనక పగలనక తిరుగుతూనే ఉంటుంది. 2001లో వచ్చిన ఇమాటినిబ్ మాత్ర దాన్ని ఆపుతుంది. ఆ అతుకు రోగి చర్మంలో ఉండదు, పిల్లలకి పోదు. మూలుగలో రక్తకణాలు సరిగా ఎదగని ఎం.డి.ఎస్. అనే జబ్బు కూడా, కొద్ది కుటుంబాల్లో తప్ప, ఇలా మధ్యలో వచ్చేదే.

ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ సరిగా తయారవని థలసీమియా వేరు. అది నిజంగా బస్తాలోంచే వస్తుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, అంటే తమకి జబ్బు లేకుండానే ఆ తప్పు జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. మేనరికం చేసుకునేవాళ్లు పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోవాల్సింది దీనికి.

ఇంకో తమాషా ఉంది. బి12, ఫోలిక్ యాసిడ్ చాలకపోయినా మూలుగ కణాలు వికారంగా ఉబ్బి, అచ్చం ఎం.డి.ఎస్. లాగే కనిపిస్తాయి. అక్కడ జన్యువులో తప్పు లేదు, నకలు తీయడానికి సరుకు లేదంతే. అందుకే ముందు ఆ రెండూ చూడకుండా పెద్ద పేరు పెట్టకూడదు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను లేబొరేటరీలో తయారు చేయించినవారు 1895లో ఈ ఊళ్లోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. దాన్ని పోలిన అమినోప్టెరిన్ అనే మందుతోనే 1947-48లో బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు పిల్లల ల్యుకేమియాకి వైద్యం మొదలుపెట్టారు.

ఇక మీ ప్రశ్నలు. చీటీల మీద రాసి పంపండి. సంబంధాలు చూస్తున్న ఇళ్లవాళ్లు ఉంటారు, పేరు రాయక్కర్లేదు.