ఫీజు కట్టి మరీ పడటం: నలభై దాటాక జూడో

అందరికీ నమస్కారం.

ఆహ్వాన కార్డు మీద గాల్లోకి ఎగిరి తన్నుతున్న కుర్రాడి బొమ్మ వేశారు. బొమ్మ బాగుంది కానీ నేను ఎగరలేను, తన్నడం కూడా రాదు. నేను చేసేది జూడో. మా క్లాసులో గుద్దులు, తన్నులు ఉండవు. ఎదుటి మనిషి కాలర్, చొక్కా చెయ్యి పట్టుకోవడం, బ్యాలెన్స్ తప్పించి పడెయ్యడం, కింద అదిమిపట్టడం, ఇంతే. నలభై దాటాక చేరాను, ఇప్పుడు సాయంత్రం పెద్దవాళ్ల బ్యాచ్‌లో మాస్టర్ గారికి సాయంగా ఉంటున్నాను. కాబట్టి యుద్ధవిద్యలు, ఆత్మవిశ్వాసం గురించి జూడోలో నాకు తెలిసినదే చెప్తాను. కరాటే వాళ్లు, టైక్వాండో వాళ్లు, కర్రసాము చేసేవాళ్లు ఎవరైనా ఉంటే చివర్లో మీ అనుభవం మీరు కలపండి.

"నాలుగు దెబ్బలు వెయ్యడం వస్తే ధైర్యం దానంతటదే వస్తుంది" అనుకుని వచ్చేవాళ్లు మా దగ్గర ఎక్కువే. వాళ్లలో చాలామంది నెల తిరక్కుండా మానేస్తారు, ఎందుకంటే మొదట్లో మేం కొట్టడం సంగతి అలా ఉంచండి, పడెయ్యడం కూడా నేర్పం. పడటం నేర్పుతాం. ఫీజు కట్టి మరీ పడటమేమిటని మా ఆడపడుచు ఇప్పటికీ నవ్వుతుంది, నవ్వనివ్వండి. నేను చూసినంతలో ఈ వయసులో ఆత్మవిశ్వాసం వస్తే గిస్తే ఆ పడటంలోంచే వస్తుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్కే, మిగతాది దాని చుట్టూ తిరగడం.

మీరు చివరిసారి వెల్లకిలా నేల మీద పడింది ఎప్పుడో గుర్తు తెచ్చుకోండి. పిల్లలు రోజుకి పదిసార్లు పడి, మోకాలు దులుపుకుని పోతారు. మనం బాత్రూంలో జారితేనో, బండి స్కిడ్ అయితేనో తప్ప పడం, అంటే పెద్దయ్యాక మన ఒంటికి పడటమంటే ప్రమాదం అన్న ఒక్క సంగతే తెలుసు. అందుకే కొత్తగా వచ్చిన మనిషిని మెత్తటి మ్యాట్ మీద కూచోబెట్టి, "వెనక్కి దొర్లండి చాలు" అన్నా మొహం పాలిపోతుంది. ఆఫీసులో ఇరవైమందిని గడగడలాడించే మనిషైనా సరే.

చెప్పడానికి అది చాలా తేలిక. గడ్డం ఛాతీకి ఆనించి చూపు బెల్టు ముడి మీద పెట్టాలి, అప్పుడు తల వెనకభాగం నేలకి కొట్టుకోదు. వీపు గుండ్రంగా ఉండాలి. వీపు తగిలే క్షణంలో రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా, అరచేతులు కిందికి పెట్టి మ్యాట్‌ని ఫట్‌మని చరచాలి, చరుస్తూ ఊపిరి వదిలెయ్యాలి. చెయ్యి వెనక్కి చాపి నేలని ఆపబోకూడదు, మణికట్టు విరిగేది అక్కడే, కానీ మనిషన్నవాడికి మొదట తోచేది సరిగ్గా ఆ చెయ్యి చాపడమే. అందుకని ముందు కూచుని, తర్వాత గొంతుకూచుని, తర్వాత నిలబడి, ఆ తర్వాతే ఇంకొకరు పడేస్తుంటే పడటం. మా బ్యాచ్‌లో ఒక టీచరమ్మ గారు, యాభై దాటిన మనిషి, నిలబడి వెనక్కి పడటం దగ్గర నెలల తరబడి ఆగిపోయారు. మోకాళ్లు వంచేవారు, అంతవరకు వచ్చి మళ్లీ లేచిపోయేవారు. మాస్టర్ గారు ఒక్కసారి కూడా తోసింది లేదు, తొందరపెట్టిందీ లేదు. ఒక సాయంత్రం పడ్డారు. ఆ చప్పుడుకి హాల్లో అందరం తిరిగి చూశాం. ఆవిడ లేవకుండా అక్కడే పడుకుని నవ్వడం మొదలుపెట్టారు, ఎంతసేపటికీ ఆపరే!

ఆ తర్వాత ఆవిడ ఏదో పెద్ద సాహసం చేశారని కథ చెప్పను. వాన పడిన రోజు స్కూలు మెట్ల దగ్గర ఎవరైనా చెయ్యి పట్టుకుంటారా అని చూసే అలవాటు పోయిందట. నాకది చాలు. పడటం మనం అనుకున్నంత చిన్న విషయం కూడా కాదు మరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ప్రమాదవశాత్తూ గాయాలై చనిపోయేవాళ్లలో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం పడిపోవడానిదే, ఏటా 6,84,000 మంది దాకా, అందులో ఎక్కువమంది 60 దాటినవాళ్లు. జూడో నేర్చుకుని ఉంటే వాళ్లందరూ బతికేవారని అనను. ఆ భయానికి ఆధారం ఉందని చెప్తున్నానంతే.

జూడో పెట్టిన కానో జిగొరో కూడా దెబ్బలు తినే కుర్రాడిగానే మొదలయ్యాడు. 1860లో పుట్టాడు. చదువులో చురుకు, ఒడ్డూ పొడుగూ మాత్రం లేదు, అయిదడుగుల రెండంగుళాల మనిషి, హాస్టల్లో తోటి కుర్రాళ్లు ఏడిపించేవారు. 1877లో టోక్యోలో ఫుకుదా హాచినొసుకె అనే గురువు దగ్గర జుజుత్సు అనే జపాన్ పాతకాలపు మల్లవిద్యలో చేరాడు. ఈ పట్టు ఎలా వెయ్యాలండీ అని అడిగితే ఆయన వివరించకుండా దగ్గరికి పిలిచి పడేసేవాడట, మళ్లీ అడిగితే మళ్లీ పడేసేవాడట. ఈరోజుల్లో ఎవరైనా అలా నేర్పితే ఫీజు వెనక్కి అడగండి. నాకు నచ్చే ఘట్టం దాని తర్వాతిది. అక్కడ ఫుకుషిమా అని ఒక భారీ మనిషి ఉండేవాడు, కానో ఎంత తన్నుకున్నా అతన్ని పడెయ్యలేకపోయాడు. సుమో పట్లు తెలుసుకుని ప్రయోగించాడు, లాభం లేదు. ఆఖరికి లైబ్రరీకి వెళ్లి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేస్తే మనిషిని భుజాల మీదికి ఎత్తి వేసే పట్టు ఒకటి దొరికింది, స్నేహితుల మీద సాధన చేసి వెళ్లి ఫుకుషిమాని పడేశాడు. కాతాగురుమా పేరుతో అది ఇప్పటికీ జూడోలో ఉంది. 1882లో ఎయిషోజి అనే ఆలయంలో పన్నెండు చాపలు పట్టే గదిలో సొంత శిక్షణశాల కొదోకాన్ మొదలుపెట్టేనాటికి అతనికి ఇంకా 22 నిండలేదు. ఓడిన సాయంత్రం ఇంటికెళ్లి మొహం ముసుగేసుకోకుండా లైబ్రరీకి వెళ్లే మనిషి చూశారూ, అతనికి ఉన్నది నేను మాట్లాడుతున్న ఆత్మవిశ్వాసం. అప్పటికింకా అతను గెలవలేదు కదా!

"నేనిది చెయ్యగలను" అనే నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బాందురా 1977లో ఒక వ్యాసంలో వివరంగా రాశాడు. మనమే చేసి చూసిన అనుభవం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఎవరో ప్రోత్సహించడం, ఒంట్లో పుట్టే టెన్షన్‌ని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది, ఈ నాలుగు. వీటిలో మొదటిదానికే ఎక్కువ బలమన్నాడు. పామంటే హడలిపోయేవాళ్లతో ఆయన చేసిన ప్రయోగాలున్నాయి, ముందు ఇంకొకరు పట్టుకుంటే చూడటం, తర్వాత గ్లవ్స్‌తో తాకడం, తర్వాత ఒట్టి చేత్తో, ఇలా మెట్టు మెట్టుగా. పాము భయం పోవడం ఒక ఎత్తు. పాములతో ఏ సంబంధమూ లేని విషయాల్లో కూడా కొందరికి జంకు తగ్గడం ఇంకో ఎత్తు. మోటివేషన్ క్లాసుల వాళ్లు మనకి అమ్మేది ఆ నాలుగింటిలో మూడోది, ఒట్టి మాట. అది సాయంత్రానికి దిగిపోతుంది.

ఇక అదిమిపట్టడం గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి, నా మట్టుకు నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే. మీరు వెల్లకిలా పడుకుని ఉంటారు. ఎనభై కిలోల మనిషి మీ పక్కన చతికిలబడి, మీ మెడ చుట్టూ చెయ్యి వేసి, మీ కుడిచేతిని తన చంకలో బిగించి, బరువంతా మీ పక్కటెముకల మీద వేస్తాడు. పోటీల్లో 20 సెకన్లు అలా పట్టి ఉంచితే ఆట ముగిసినట్టే. ఇరవై సెకన్లే కదా అనిపిస్తుంది, కింద ఉన్నప్పుడు చూడాలి. కొత్తవాళ్లందరూ ఒకటే పని చేస్తారు, ఊపిరి బిగబట్టి ఉన్న బలమంతా మొదటి అయిదు సెకన్లలోనే పెట్టి గింజుకుంటారు. ఆ తర్వాత చెయ్యడానికేమీ మిగలదు, గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే, ఇక చాలు ఓడిపోయాను అన్నట్టు చేత్తో రెండుసార్లు తట్టేస్తారు. తట్టిన మరుక్షణం పైనున్న మనిషి వదిలెయ్యాలి, దీనికి మినహాయింపు లేదు, బ్లాక్ బెల్ట్ అయినా సరే.

అక్కడ నేర్చుకునేది ఏమిటంటే, ముందు మొహం పక్కకి తిప్పుకుని గాలి ఆడే చోటు చూసుకోవాలి. తర్వాత మోచెయ్యి దూర్చి బెత్తెడు ఖాళీ చేసుకోవాలి. తర్వాత నడుముని ఆ ఖాళీలోకి జరపాలి. ఇంత చేసినా చాలాసార్లు బయటపడం. కానీ కింద ఉండి కూడా ఆలోచించడం అలవాటవుతుంది, ఊపిరాడనట్టు అనిపించడం వేరు, నిజంగా ఆడకపోవడం వేరు అని ఒంటికి తెలుస్తుంది. మా బ్యాచ్‌లో అకౌంట్స్‌లో పనిచేసే ఒకాయన ఉన్నారు. మీటింగుల్లో ఎవరైనా గొంతు పెంచితే, తప్పు ఎవరిదైనా, ఈయన ముందు సారీ చెప్పేసేవారట. ఇప్పుడు ఒకసారి ఊపిరి పీల్చుకుని "ఏ ఎంట్రీ గురించండీ మీరంటున్నది?" అని అడుగుతున్నారు. పైకి కనిపించే తేడా అంతే. ఇంట్లో వాళ్లకి మాత్రం, "ఈయనకి ఈమధ్య ఏదో అయింది" అనిపించిందట.

పెద్దవాళ్లకి అసలు అడ్డంకి మోకాళ్లు కావు. నలుగురూ ఏమనుకుంటారో అన్నది. మనకి కోడి రామమూర్తి గారి పేరు చెప్తే ఛాతీ పొంగుతుంది, ఊళ్లో ఒకప్పుడు కుస్తీ, కసరత్తు నేర్పే తాలింఖానా ఉండేదని గొప్పగా చెప్పుకుంటాం, కానీ బట్టతల వచ్చిన మనిషి తెల్ల డ్రెస్సేసుకుని తొమ్మిదో క్లాసు పిల్ల చేతిలో పడుతుంటే గేటు దగ్గర నిలబడి వీడియో తీస్తాం. ఉద్యోగం, హోదా, ఇంటి పెద్ద అన్న గౌరవం, ఇవేవీ మ్యాట్ మీద చెల్లవు. ఇరవయ్యేళ్లుగా మనకి బాగా వచ్చిన పనులే చేస్తూ, రాని పనుల జోలికి పోకుండా బతికేస్తాం కదా, అదొక సుఖం, కానీ ఆ సుఖం ఏటికేడాది మనిషిని పిరికివాణ్ణి చేస్తుంది. ఆ తొమ్మిదో క్లాసు పిల్ల మిమ్మల్ని పడేసి, చెయ్యిచ్చి లేపి, "అంకుల్, మీ కుడికాలు ముందుంచుతున్నారు, అందుకే దొరికిపోతున్నారు" అని చెప్తుంది. థాంక్స్ చెప్పి కాలు మార్చుకోవడం వస్తే మీరు చాలా దూరం వచ్చినట్టు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. పరాయి మనిషి పట్టుకోవడం, మీద పడటం, ఇదంతా మనకి ఇబ్బందే, ఇబ్బంది లేదని నటించనక్కర్లేదు. డ్రెస్ లోపల తెల్ల టీషర్ట్ తప్పనిసరి, ఎవరితో సాధన చేస్తారో మీ ఇష్టం, వద్దంటే కారణం చెప్పాల్సిన పని లేదు, మా దగ్గర పద్ధతి ఇది. "వద్దు" అని మామూలు గొంతుతో, నవ్వు కలపకుండా అనడం చాలామంది మొదట నేర్చుకునేది ఇక్కడే. 1929లో టాగోర్ జపాన్ నుంచి తకగాకి అనే జూడో గురువుని శాంతినికేతన్‌కి రప్పిస్తే ఆడపిల్లలు కూడా నేర్చుకున్నారు, కాబట్టి మన దేశంలో ఇదేమీ నిన్న మొన్నటి మాట కాదు. ఇందాక చెప్పిన ఫుకుదా హాచినొసుకె గారి మనవరాలు కెయికో ఫుకుదా, అయిదడుగులు కూడా లేని మనిషి, 1935లో జూడోలో చేరింది. డాన్ అంటే బ్లాక్ బెల్ట్‌లో మెట్లు, ఆడవాళ్లకి అయిదో డాన్ దాటి ఇవ్వరని దశాబ్దాల పాటు అక్కడే ఆపేశారు, 1972లో గానీ ఆరోది రాలేదు. 2011లో, 98 ఏళ్ల వయసులో, అమెరికాలో పదో డాన్ ఇచ్చారు. ఒలింపిక్స్‌లో మగవాళ్ల జూడో 1964లో వస్తే, పతకాలతో ఆడవాళ్లది 1992లో వచ్చింది. ఆవిడ ఇవన్నీ చూస్తూ, నేర్పుతూనే వచ్చింది.

ఇప్పుడు జూడోతో కానివి. కోపిష్టి మనిషి జూడో నేర్చుకుంటే జూడో వచ్చిన కోపిష్టి అవుతాడు, మాస్టర్ కనిపెట్టి ఉండకపోతే. డిప్రెషన్ లాంటివి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మ్యాట్ దానికి బదులు కాదు. కత్తి చూపించినవాడి ముందు బ్లాక్ బెల్ట్ కూడా పర్సు ఇచ్చి పరిగెత్తాలి. రెండు గంటల్లో ఆత్మరక్షణ నేర్పుతామనే వర్క్‌షాపులంటే నాకు నిజంగా భయం, అక్కడ మణికట్టు పట్టుకున్న మనిషి సహకరిస్తాడు, విడిపించుకోగానే చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లని నమ్ముకుని రేపు ఎవరైనా ఆగిపోకూడని చోట ఆగిపోతే? ఎదుటివాడు నిజంగా ఒప్పుకోకుండా బిగుసుకున్నప్పుడు ఏమవుతుందో చూపించని శిక్షణ ఏదైనా నేను సిఫారసు చెయ్యను. మూణ్ణెల్లకో పరీక్ష ఫీజు కట్టించుకుని రంగు మార్చి బెల్టు ఇచ్చే చోట్లు కూడా అంతే.

చేరదామనుకుంటే ముందు ఒకటి రెండు క్లాసులు ఊరికే కూచుని చూడండి. చూడనివ్వకపోతే అదే సమాధానం. కొత్తవాళ్లకి మొదట పడటం నేర్పుతున్నారా, ఎవరైనా తట్టినప్పుడు వెంటనే వదులుతున్నారా, ఈ రెండూ గమనించండి. బీపీ, మెడ, నడుము సమస్యలుంటే డాక్టర్‌ని అడిగి, మాస్టర్‌కి కూడా చెప్పి రండి. చేతుల, కాళ్ల గోళ్లు తీసుకుని రావాలి. ఉంగరాలు, గాజులు, నల్లపూసలు తీసి బ్యాగులో పెట్టుకోవాలి. మంగళసూత్రం ఎలా తీస్తామని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు, నేను తీసే చేస్తాను, మా అత్తగారికి తెలుసు. కడుపు నిండా భోంచేసి మాత్రం రాకండి, వెనక్కి దొర్లేటప్పుడు మీకే తెలుస్తుంది.

ఇక మీరు అడగండి. మోకాళ్ల గురించి అడగబోతున్నారని ముందు వరుసలో మొహాలు చూస్తేనే తెలుస్తోంది, అక్కడినుంచే మొదలుపెడదాం.