కోల్డ్ రోల్డ్ స్ట్రిప్: మందం ఒక్కటి కొలిస్తే చాలదు

ఇదిగో, ఈ కప్పు చూడండి. 1 మిల్లీమీటరు కోల్డ్ రోల్డ్ స్ట్రిప్‌ని, అంటే వేడిచేయకుండా రోలర్ల మధ్య నలిపి పలుచన చేసిన ఉక్కు పట్టీని, ప్రెస్‌లో లాగి చేసింది. మైక్రోమీటర్ పెడితే మందంలో తేడా లేదు. కానీ లైటు ఏటవాలుగా పడేలా పట్టుకోండి, అడుగున మంట నాలుకల్లాంటి గీతలు. పెయింటు వేసినా దాగవు. చెన్నైలో అంబత్తూరు, గిండీ ప్రెస్ షాపుల్లో పనిచేసే మనవాళ్లకు ఇవి బాగా పరిచయం. వెంటనే డై (కప్పుకి ఆకారమిచ్చే అచ్చు) మీద అనుమానపడతారు. పాపం, డై చేసిందేమీ లేదు. స్ట్రిప్ ఎలా తయారైందో చూస్తే ఈ గీతల గుట్టు తెలుస్తుంది.

మొదట వచ్చేది హాట్ రోల్డ్ కాయిల్. వేడిమీద చుట్టింది కాబట్టి ఒంటినిండా నల్లటి స్కేల్, అంటే ఆక్సైడ్ పెచ్చు, ఉంటుంది. అది పోకుండా రోల్ చేస్తే ఉక్కులోకి దిగబడిపోతుంది, తర్వాత ఏం చేసినా రాదు. అందుకే 70 నుంచి 85 డిగ్రీల వేడి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోంచి నడిపిస్తారు. యాసిడ్‌లో ఇన్‌హిబిటర్ కలపాలి. లేదంటే స్కేల్ అయిపోయాక యాసిడ్ ఉక్కునే తింటుంది. కడగడంలో అశ్రద్ధ చేస్తే మిగిలిన క్లోరైడ్ తెల్లారేసరికి పసుపు తుప్పుగా పైకొస్తుంది. మన సముద్రపు గాలికి ఇంకా త్వరగా. కడిగి, ఆరబెట్టి, వెంటనే నూనె పట్టించాలి.

ఇక రోలింగ్. 3 మిల్లీమీటర్ల కాయిల్‌ని 1కి దించాలంటే ఒక్క దెబ్బలో కాదు. రివర్సింగ్ మిల్లులో అటూ ఇటూ తిప్పుతూ 2.1, 1.5, 1.2, 1.0 అని నాలుగు పాస్‌లు వేయొచ్చు. పలుచగా చేయాలంటే స్ట్రిప్‌ని నేరుగా నలిపే వర్క్ రోల్ సన్నగా ఉండాలి. సన్నని రోల్ ఒత్తిడికి నడుము వంచుతుంది కాబట్టి దాని వెనక లావాటి బ్యాకప్ రోల్ ఆనిస్తారు. నీళ్లలో కొద్ది శాతం నూనె కలిపిన ఎమల్షన్ నిరంతరం చిమ్ముతూ ఉంటుంది: రాపిడి తగ్గించడానికి, వేడి లాగేయడానికి. ఒక నాజిల్ మూసుకుపోయినా అక్కడ రోల్ వేడెక్కి ఉబ్బుతుంది, ఆ వరసలో స్ట్రిప్ ఎక్కువ సాగుతుంది. నడుమ సాగితే పొట్టలా ఉబ్బుతుంది. అంచులు సాగితే, ఫాల్ ముడుచుకుపోయిన చీర అంచులా కుచ్చులు పడుతుంది. ఎక్స్‌రే గేజ్ మందాన్ని మాత్రమే చెబుతుంది, ఈ వంకర చెప్పదు. దానికి వేరే కొలత కావాలి.

మూడింట రెండొంతులు నలిగిన ఉక్కు బాగా గట్టిపడిపోతుంది. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ బి కొలమానం మీద 90 చుట్టుపక్కల చూపిస్తుంది. వాషర్‌కి అలాగే వాడొచ్చు, కప్పు లాగితే చిరుగుతుంది. అందుకే గంటలాంటి మూత ఉన్న బెల్ ఫర్నేస్‌లో అనీలింగ్, అంటే వేడిచేసి మెత్తబరచడం. కాయిళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, మూత వేసి, నైట్రోజన్‌తో గాలి పూర్తిగా వెళ్లగొట్టాకే హైడ్రోజన్ వదలాలి. వేడిని మోసే గుణం హైడ్రోజన్‌కి నైట్రోజన్ కంటే సుమారు ఏడు రెట్లు ఎక్కువ. ఉష్ణోగ్రత 700 డిగ్రీల దరిదాపుల్లో. కాయిల్ పైచుట్టు వేడెక్కినంత మాత్రాన లోపల వేడెక్కినట్టు కాదు. లోపల చల్లగా ఉన్న చోటు కూడా ఆ వేడికి చేరేదాకా ఆగాలి. తొందరపడితే ఒకే కాయిల్‌లో పైన మెత్తన, లోపల గట్టి. వేడి ఎక్కువైతే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, విప్పేటప్పుడు మచ్చలు పడతాయి.

ఇప్పుడు మన గీతల దగ్గరికొచ్చాం. అనీలింగ్ అయిన ఉక్కు మెత్తనిదే, కానీ ఒకేసారి సాగదు. లోపలి కార్బన్, నైట్రోజన్ పరమాణువులు ఉక్కు జారాల్సిన చోట్లను పట్టుకుని కూర్చుంటాయి. ప్రెస్ లాగినప్పుడు ఒక పట్టీ సాగి, పక్క పట్టీ ఆగిపోతుంది. అదే మీకు కనిపించే నాలుక గీత. ఆ పట్టు విడిపించడానికే స్కిన్ పాస్. 1 శాతం చుట్టూ మాత్రమే సాగదీసే తేలికపాటి రోలింగ్ అది. కాయిల్ 40, 50 డిగ్రీలకు దిగాకే వేయాలి. చెన్నై ఎండాకాలంలో అలా చల్లారడానికి ఎక్కువ సమయం పడుతుంది. తొందరలో వేడిమీదే స్కిన్ పాస్ వేసి చుడితే, ఆ పరమాణువులు త్వరగా తిరిగొచ్చి కూర్చుంటాయి. సరిగా వేసిన కాయిల్ కూడా షెడ్డులో నెలల తరబడి పడుంటే అదే జరుగుతుంది. టైటానియం, నియోబియం కలిపిన ఐఎఫ్ (ఇంటర్‌స్టీషియల్ ఫ్రీ) స్టీల్‌కి మాత్రం ఈ బెడద లేదు. విడి పరమాణువులను ఆ లోహాలు ముందే కట్టేస్తాయి.

స్లిట్టింగ్ (వెడల్పు కాయిల్‌ని సన్న పట్టీలుగా కోయడం) గురించి ఒక్క మాట: బ్లేడ్ల మధ్య సందు మందంలో 5 నుంచి 10 శాతం. సందు ఎక్కువైనా, బ్లేడు మొద్దుబారినా అంచున బర్ (గరుకు ముల్లు) లేస్తుంది.

కాబట్టి ఆర్డర్‌లో మందం, వెడల్పు రాసి వదిలేయకండి. ఐఎస్ 513 (భారతీయ ప్రమాణం) గ్రేడు, గట్టిదనం, బర్ దిశ, స్కిన్ పాస్ తేదీ కూడా అడగండి. పాత కాయిల్ చేతిలో ఉండిపోయిందా? ప్రెస్‌కి ముందు రోలర్ లెవెలర్‌లో బాగా వంచి తీయండి, అదే రోజు లాగేయండి.