డైనమో వద్దు, హబ్బు తెచ్చుకోండి

అందరికీ నమస్కారం. కరెంటు ఇచ్చే గాలిమర సొంతంగా ఎలా చేసుకోవాలో చెప్తా, ముందు ఈ బల్ల మీద ఉన్న ఇనుప ముక్క చూడండి. పాత కారు వెనక చక్రం హబ్బు ఇది, అంటే చక్రం బిగించే నడిమి భాగం, తుక్కు కొట్లో కిలోల లెక్కన తూకం వేసి ఇచ్చారు. బేరింగు కిరసనాయిల్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టా అంతే, ఇప్పుడు వేలితో ఇలా అంటే చాలు, ఎంతసేపు తిరుగుతుందో చూడండి. కారు బరువంతా మోసిన బేరింగు కదా, మన రెక్కల బరువు దీనికి ఒక లెక్క కాదు.

సొంతంగా గాలిమర చేద్దాం అనుకునేవాళ్ళు అందరూ ముందు కారు డైనమో, అంటే ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీ చార్జ్ చేసే ఆల్టర్నేటర్, కొంటారు. నేనూ అదే కొన్నా, ఆషాఢం గాలి మొత్తం దాంతోనే పోయింది, రెక్కలు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి, మీటర్లో మాత్రం ఏమీ లేదు. ఎందుకంటే ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉన్నా బెల్టు వల్ల డైనమో నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుంది. 2 మీటర్ల వ్యాసం ఉన్న రెక్కల చక్రం మామూలు గాలికి, అంటే గంటకి 18 కిలోమీటర్ల గాలికి, తిరిగేది 240 చుట్లు! పైగా డైనమో లోపల అయస్కాంతం ఉండదు, కాయిల్ ఉంటుంది, దానికి బ్యాటరీ నుంచే రెండు మూడు ఆంపియర్లు ఇవ్వాలి. ఆ గాలికి మనకి వచ్చేదే 60, 70 వాట్లు, అందులో సగం దానికే పోతే ఇంక మిగిలేది ఏంటి? బెల్టు, గేర్లు పెడితే స్పీడు వస్తుంది గానీ ఆ రాపిడికి చిన్న గాలిలో అసలు కదలదు.

స్కాట్లాండ్‌లో స్కోరైగ్ అని ఒక ఊరుంది, పడవలోనో కాలినడకనో తప్ప పోలేం, కరెంటు లైను లేదు. అక్కడ హ్యూ పిగాట్ అనే ఆయన పాత బండ్ల హబ్బులు, బ్రేకు డ్రమ్ములతో గాలిమరలు చేసి, ఆ పద్ధతి అందరికీ నేర్పించాడు. నేను పట్టుకున్న దారి కూడా అదే. హబ్బుకి రెండు గుండ్రటి ఇనుప ప్లేట్లు బిగించి, ఒక్కోదాని మీద 12 నియోడిమియం అయస్కాంతాలు, అంటే చాలా బలమైనవి, ఉత్తరం, దక్షిణం మార్చి మార్చి అతికించాలి, మధ్యలో 9 రాగి కాయిల్స్ రెజిన్‌లో, అంటే గట్టిపడే జిగురులో, పోతపోసి కదలకుండా పెట్టాలి. ప్లేట్లు తిరిగితే ఆ కాయిల్స్‌లో కరెంటు పుడుతుంది. అయస్కాంతాలు మాత్రం కొత్తవి కొనాల్సిందే, కాయిల్స్ మోటారు వైండింగ్ షాపులో చుట్టిస్తారు. డైనమో ఆల్రెడీ కొనేసినవాళ్ళు బాధపడకండి, దాని వెనక డయోడ్ల ప్లేటు, కాయిల్స్ కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా ఒకే దిశకి మార్చడానికి ఇక్కడ పనికొస్తుంది.

ఆ రెండు ప్లేట్లు దగ్గరికి తెచ్చేటప్పుడు దయచేసి చేత్తో పట్టుకోవద్దు. మధ్యలో వేలు పడితే నుజ్జే. మూడు పొడవాటి బోల్టుల మీద ఆనించి, ఒక్కో నట్టు అర చుట్టు అర చుట్టు తిప్పుతూ దించండి, గంట పట్టినా పర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. గాలి రెట్టింపైతే పవర్ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. ఒక రాత్రి నాకు బ్యాటరీ దగ్గర వైరు చివర బిగించే లగ్గు తుప్పు పట్టి వైరు ఊడిపోయింది, కరెంటు తీసుకునే లోడు లేకపోయేసరికి రెక్కలు పిచ్చి స్పీడు అందుకున్నాయి, ఆ హోరుకి లేచి బయటికొచ్చేలోపే ఒక రెక్క విరిగి పక్క వేరుశనగ చేలో దిగబడింది. అక్కడ మనుషులు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అందుకే చక్రం వెనక ఉండే తోక కీలు ఏటవాలుగా పెట్టండి, గాలి ఎక్కువైతే చక్రం పక్కకి తిరిగిపోవాలి. బ్యాటరీ నిండాక మిగిలిన కరెంటు పోవడానికి పాత హెడ్‌లైట్ బల్బులు కట్టండి.

దీంతో బోరు మోటారు నడుస్తుందా అని అందరూ అడుగుతారు. నడవదు, 5 హెచ్‌పీ అంటే దాదాపు 3,700 వాట్లు. చేను కాడ కొట్టంలో రెండు మూడు ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ చార్జింగు, చిన్న ఫ్యాను, వీటికైతే హాయిగా సరిపోతుంది, అదీ స్తంభం చెట్ల కంటే బాగా ఎత్తులో ఉంటేనే.

ఇప్పుడు ముందు వరసలో పిల్లలు రండమ్మా. ఈ పూర్తయిన మిషన్‌ని ఒకసారి ఊరికే తిప్పండి, తేలిగ్గా ఉంది కదా. ఇప్పుడు కాయిల్స్ నుంచి వచ్చే ఈ మూడు వైర్లు కలిపి మెలేస్తున్నా, మళ్ళీ తిప్పండి... ఎంత బరువెక్కిందో చూశారా? గాలివాన రాబోతోందని తెలియగానే కింద నుంచి మనం వేసే బ్రేకు ఇదే.