తామరకు ఆకు మందులు: పరీక్షల్లో నిలిచినవేవి?

శ్రోతలకు నమస్కారం.

తామర కనిపిస్తే చాలు, ఒకరు వెల్లుల్లి నూరి పెట్టమంటారు, ఇంకొకరు వేపాకు, పసుపు అంటారు. ఇవి ప్రయోగశాలలో తామర తెచ్చే శిలీంధ్రాన్ని ఆపిన మాట నిజమే. కానీ గాజు పళ్లెంలో బూజును ఆపడం పెద్ద గొప్పేమీ కాదు, వెనిగర్ కూడా ఆపుతుంది. మందు చర్మం పైపొరలోకి దిగాలి, అక్కడ సరిపడా గాఢతతో నిలవాలి, చర్మం దాన్ని తట్టుకోవాలి. అసలు చిక్కంతా అక్కడే.

మనుషుల మీద బాగా పరీక్షించిన వాటిలో ముందు చెప్పుకోవలసింది టీ ట్రీ నూనె. ఇది ఆస్ట్రేలియాలో పెరిగే మెలలూకా చెట్టు ఆకుల నుంచి తీసేది, మన తేయాకుతో దీనికి సంబంధం లేదు. ఇందులోని టెర్పినెన్-4-ఆల్ శిలీంధ్ర కణం చుట్టూ ఉండే పొరను దెబ్బతీస్తుంది.

కాలి వేళ్ల సందుల్లో తామర ఉన్న 104 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1992లో వచ్చాయి. 10 శాతం టీ ట్రీ క్రీము రాసినవారిలో 30 శాతం మందికే శిలీంధ్రం పోయింది. టోల్నాఫ్టేట్ అనే మామూలు మందు రాసినవారిలో 85 శాతం మందికి పోయింది. మందు కలపని ఉత్త క్రీముతోనూ 21 శాతం మందికి పోయింది! అయితే దురద, పొలుసులు తగ్గడంలో మాత్రం టీ ట్రీ ఆ మందుకు తీసిపోలేదు. అంటే పైకి నయమైనట్టే ఉంటుంది, లోపల శిలీంధ్రం అలాగే ఉంటుంది. ఆపగానే తిరగబెట్టేది ఇందుకే.

2002లో మోతాదు పెంచి 158 మంది మీద చూశారు. 50 శాతం ద్రావణాన్ని రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు రాస్తే 64 శాతం మందికి శిలీంధ్రం పోయింది, ఉత్త ద్రావణంతో 31 శాతం మందికి. ఈ 31ని మరిచిపోకండి. ఏ పసరు రాసినా కొందరికి తగ్గుతుంది, ఆ పేరు పసరుకు దక్కుతుంది. ఈ పరీక్షలో నలుగురికి చర్మం రేగింది కూడా. మూత తీసి ఉంచిన పాత నూనె గాలికి మారి ఎలర్జీ తెస్తుంది, కాబట్టి చీకటి రంగు సీసాలో, మూత బిగించి దాచాలి. ఇది తాగితే విషం, పిల్లలకు అందనివ్వకండి.

ఇక వెల్లుల్లి. రెబ్బను నలిపితే అల్లిసిన్ పుడుతుంది, అది నూనెలో నిలవుంటే ఎజోయిన్‌గా మారుతుంది. 1996లో వెనిజులాలో 0.4 శాతం ఎజోయిన్ క్రీము రాసిన 34 మందిలో 27 మందికి వారంలోనే తగ్గింది. పోల్చడానికి ఉత్త క్రీము రాసినవాళ్లు లేరన్నది ఆ పరీక్షలోని లోటు. ఇది చదివి పచ్చి వెల్లుల్లి ముద్ద కట్టుకుంటే మాత్రం గంటల్లోనే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. పోనీ రెబ్బల్ని నలపకుండానే నూనెలో వేయించి రాద్దామంటే, అల్లిసిన్ తయారుచేసే ఎంజైము వేడికి చచ్చిపోతుంది.

ఏం రాసినా, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు దాని సంగతి చెప్పండి. తామర అంచు నుంచి పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. అంతకుముందే ఏవేవో పూసి ఉంటే ఆ పొట్టులో శిలీంధ్రం దొరక్కపోవచ్చు.